సందు చివరి గోడ

ఆ బొమ్మలో ఉన్న చోటు నాకు తెలుసు. దాన్ని అంతకు ముందే చూశాను. అదే సందు, అదే నీళ్ళ పంపు, పంపు పక్కన మూత లేని కాలవ, కాలవ మీద అడ్డంగా వేసిన పాత లారీ చెక్క. ఎడమ చేతి వైపు మూడో తలుపు. వాన నీళ్ళు లోపలికి రాకుండా ఆ తలుపు అడుగున మేకులతో కొట్టిన సగం టైరు. లోకంలో పచ్చ రంగు తలుపులు ఎన్నయినా ఉండవచ్చు. అడుగున సగం టైరు కొట్టిన పచ్చ తలుపు ఒక్కటే ఉంటుంది. ఎనిమిది నెలల కిందట ఆ తలుపు దగ్గరికి నేనే ఒక పిల్లని తీసుకువెళ్ళి, తల్లికి అప్పజెప్పి, సంతకం పెట్టించుకుని వచ్చాను.

ఇప్పుడు ఈ బొమ్మ గీసింది ఆ పిల్ల కాదు.

"బాగుందా అక్కా?" అంది వసపిట్ట, రంగు పెన్సిలు చెవి మీద దోపుకుని. "మా అమ్మని గియ్యలేదు. అమ్మ సంచుల గుట్ట వెనకాల కూర్చుంటుంది, కనపడదు. అందుకని గియ్యలేదు గానీ, గియ్యడం రాక కాదు."

"ఇదేమిటి, ఈ ఎర్ర గీత?" అన్నాను.

"గోడ. గోడౌను గోడ. అటు దారి లేదక్కా. మా సందులోకి వచ్చినోళ్ళెవరైనా సరే, మా ఇంటి ముందు నుంచి రెండుసార్లు నడవాల్సిందే. పోయేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి. చెక్క మీద కాలేస్తే టక్కుమంటుంది. ఎవరో వస్తున్నారని మాకు ముందే తెలిసిపోద్ది."

కాగితం మడిచి జాకెట్టులో దోపుకున్నాను. అది పాత క్యాలెండరు కాగితం. వెనక ఏదో నెల తేదీలు ఉన్నాయి. మడతలో నుంచి కూడా ఆ ఎర్ర గీత గుచ్చుకుంటున్నట్టే ఉంది.

మాది వీధిపిల్లల్ని చేరదీసే ఇల్లు. కింద మూతబడ్డ ప్రింటింగు ప్రెస్సు, పైన మేము. రెండు గదులు, ఒక వరండా, ఒక డాబా. ఇనప మెట్లెక్కి వస్తే కటకటాల తలుపు. దాని తాళం చెవి నా మెడలో ఉంటుంది. తాళం బయటివాళ్ళు లోపలికి రాకుండా వేశామని, మమ్మల్ని తనిఖీ చేసే పిల్లల సంక్షేమ కమిటీ వాళ్ళకి చెబుతాం. లోపలున్న పిల్లలకి ఆ తేడా తెలియదు. ఒక్కోసారి నాకూ తెలియదు.

నా పని ఇళ్ళు వెతకడం. తప్పిపోయి వచ్చిన పిల్లల్ని మీ ఊరేదంటే చెప్పలేరు. ఆరేళ్ళ పిల్లకి ఊరంటే వాళ్ళ ఇల్లే. అందుకని నేను ఊరు అడగను. "తలుపు తీసుకుని బయటికొచ్చావు. ఏం కనపడింది?" అని అడుగుతాను. ఏ చేతి వైపు ఎండ పడుతుంది? పొద్దున్నే మొదట వినపడే చప్పుడేది? ఏ వాసనకి ముక్కు మూసుకుంటారు? నోటితో చెప్పలేనివాళ్ళు గీస్తారు. ఆ గీతలు పట్టుకుని నేను బస్సులెక్కి తిరుగుతాను.

ఈ పనిలో మాకు రెండే కట్టుబాట్లు. పిల్ల నోట్లో మన మాట పెట్టకూడదనేది ఒకటి. ఇల్లు దొరికిందనుకున్న రోజు పిల్లని ముందు నడవనిచ్చి మనం పది అడుగుల వెనక నడవాలనేది రెండోది. పిల్ల తనంతట తాను ఏ తలుపు ముందు ఆగితే అదే ఇల్లు. ఆగకుండా దాటిపోతే మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకొచ్చెయ్యాలి. మా కాగితంలో దానికో గడి కూడా ఉంది, "పిల్ల ఆగినదా?" అని. పదకొండేళ్ళలో ఈ పద్ధతి నన్ను ఒక్కసారీ మోసం చెయ్యలేదని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకుని మురిసిపోయాను.

ఒక పిల్ల ఇంకో పిల్లకి తన ఇల్లంతా అప్పజెబుతుందని మాత్రం నాకు తట్టలేదు.

వసపిట్ట మొదటిసారి మా దగ్గరున్న ఏడాదీ నాకు నిజం చెప్పలేదు. రోజుకో ఇల్లు చెప్పేది. ఓ రోజు వాళ్ళ ఇల్లు సముద్రం మధ్యలో ఉండేది, మర్నాడు రైలు పెట్టెలో ఉండేది. పిల్లని పోగొట్టుకున్న అమ్మని పోలీసులు జైల్లో పెడతారని ఓ పెద్ద పిల్ల ఎవరో దాని చెవిలో ఊదిందట. ఆ సంగతి నాకు ఇప్పుడు తెలిసింది. అప్పుడు అదొక అబద్ధాల పుట్ట అనుకుని ఊరుకున్నాను. తలల లెక్కకి ఓ కానిస్టేబులు వచ్చి వెళ్ళిన మర్నాడే, నీళ్ళ ట్యాంకరు దగ్గర వరసలో నిలబడ్డ పిల్ల బిందె అక్కడే వదిలేసి పారిపోయింది.

నాకు చెప్పని ఇల్లు దాని పక్కన పడుకునే పిల్లికి చెప్పింది. ఆ పిల్లని అందరూ పిల్లి అనేవాళ్ళు, నడిస్తే చప్పుడయ్యేది కాదు కనక. నోరు విప్పేది కాదు. అడిగిందానికల్లా బెల్లం కొట్టిన రాయిలా చూసేది. ఊహ తెలిసినప్పటి నుంచీ రైల్వే ప్లాట్‌ఫారమే దాని ఇల్లు. గీయమంటే కాగితం తెల్లగా తిరిగి ఇచ్చేది. సాయంత్రాలు వాళ్ళిద్దరూ డాబా మీద సుద్దముక్కతో ఇల్లు గీసుకుని ఆడుకునేవాళ్ళు. వసపిట్ట ఇంటామె, పిల్లి చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. కిందికి వచ్చేటప్పుడు ఆ గీతలు వాళ్ళే చెరిపేసేవాళ్ళు. నేను చూడలేదు.

వసపిట్ట పోయిన నలభై రోజులకి పిల్లి నోరు విప్పింది. ఒక్క ఊపిరిలో మొత్తం చెప్పేసింది, సందు బొమ్మ కూడా గీసిచ్చింది. అమ్మ చిరిగిన గోనెసంచులు కుడుతుంది, సంచుల మీద పులి ముద్ర ఉంటుంది, నాన్న లారీ మీద పోతాడు, అమ్మ నన్ను బుడంకాయ్ అని పిలుస్తుంది, ఆడుకుంటూ ఖాళీ సంచుల లారీ ఎక్కి నిద్రపోయాను, లేచేసరికి వేరే ఊరు. నేను ఆనందం పట్టలేక వంటామెని కౌగిలించుకున్నాను. పులి ముద్ర పట్టుకుని తిరిగితే, రెండో ఊళ్ళోనే సందు దొరికింది. పిల్ల ముందు నడిచింది. పంపు దాటింది, చెక్క దాటింది, పచ్చ తలుపు ముందు ఆగింది. లోపల సంచుల గుట్ట వెనక నుంచి ఒకామె దబ్బనం చేత్తో పట్టుకుని లేచింది.

"అమ్మా, బుడంకాయొచ్చింది," అంది పిల్లి.

సందులో ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. తల్లి మాత్రం ఏడవలేదు. పిల్లని పైనుంచి కిందిదాకా చూసి, "నీళ్ళు తాగుతావా?" అంది. సంతోషంతో మనిషి కొయ్యబారిపోయిందనుకున్నాను. పుట్టుమచ్చలు, గుర్తులు ఏమున్నాయమ్మా అని అడిగితే, ఏమీ లేవంది. రాసుకున్నాను. మా ఇంటి నుంచి వెళ్ళే ప్రతి పిల్లకీ ఇచ్చే గుడ్డ సంచిలో రెండు గౌన్లు, సబ్బు, దువ్వెన పెట్టి దాని చేతికిచ్చి వచ్చేశాను.

ఇప్పుడు వసపిట్టని ఆసుపత్రి నర్సు ఒకామె తీసుకొచ్చి వదిలింది. జ్వరంతో జుట్టు సగం ఊడింది. పదేళ్ళు దాటాయి. అమ్మల్ని జైల్లో పెట్టరన్న జ్ఞానం ఎక్కడో తిరుగుళ్ళలో అబ్బింది. "ఇప్పుడు నిజం ఇల్లు చెబుతా, రాసుకో అక్కా," అంటూ నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చెబుతూ చెబుతూ ఎడమ కాలు ఎత్తి చూపించింది. అరికాల్లో చొక్కా గుండీ అంత మచ్చ. "మూడేళ్ళప్పుడు అమ్మ దబ్బనం తొక్కేశా. ఇటు నుంచి అటు దూరింది. అమ్మ రెండ్రోజులు సంచులు ముట్టుకోలేదంట, తెలుసా?"

ఆ పిల్ల చెప్పే ఒక్కొక్క మాటా నా మీద ఒక్కొక్క గోనెసంచి వేసినట్టు పడుతోంది.

వంటామెకి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె అరవై దాటిన మనిషి, నాలుక మీద కత్తి పెట్టుకుని పుట్టింది.

"మంచి పని చేశావమ్మాయ్," అంది గరిటె కడుగుతూ. "ఒకరి పిల్లని ఇంకొకరికి కట్టబెట్టావు. పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా ఇంత గట్టిగా కుదర్చరు."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"ఏడవమంటావా? ఏడుస్తాలే, ఉల్లిపాయలు తరిగేటప్పుడు. ముందు ఏం చేస్తావో చెప్పు."

"కమిటీకి చెబితే ఇద్దరు పిల్లల్నీ తమ ముందు నిలబెడతారు. విచారణ అంటారు. ఏడాది పడుతుంది. తల్లి మీద కేసు పెడతారేమో. పిల్లి మళ్ళీ ఈ కటకటాల వెనక్కి."

"చెప్పకపోతే?"

"వసపిట్ట ఇక్కడే ఉండిపోతుంది."

"అదీ కటకటాల వెనకే కదా," అంది వంటామె. గరిటె బోర్లించి నా మొహం వంక చూసింది. "నువ్వు కూడా."

తొమ్మిది రోజులు నాన్చాను. పొద్దున్నే కటకటాలు పట్టుకుని వసపిట్ట అడిగే మొదటి మాట ఒకటే. "దొరికిందా అక్కా?" "వెతుకుతున్నానే." "పులి ముద్ర చెప్పా కదా, ఇంకా ఏం కావాలి? నేనైతే ఈపాటికి రెండుసార్లు పోయొద్దును." మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ బొమ్మ నా బీరువాలో, పిల్లి కాగితాల కిందే ఉంది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాను ఓ మధ్యాహ్నం. పిల్లి బొమ్మలో గోడ లేదు. సందు అలా కాగితం చివరిదాకా పోతూనే ఉంది. ఆ ఒక్క తేడా అయినా నాకు అప్పుడు ఎవరు చూపిస్తారు?

పదో రోజున, పరామర్శకని చెప్పి, ఒక్కదాన్నే బస్సెక్కాను. అయిదు గంటల ప్రయాణం. మేము అప్పజెప్పిన పిల్లల్ని అప్పుడప్పుడూ వెళ్ళి చూసి రావడం మామూలే, అందుకని ఎవరూ ఏమీ అడగలేదు.

చెక్క టక్కుమంది. లోపలి నుంచి పిల్లి తొంగి చూసింది. బుగ్గలు కాస్త తేరుకున్నాయి, జడ వేసుకుంది. నా మొహం చూసిన మరుక్షణం దాని మొహం మూతపడింది. "నీళ్ళు తెస్తా," అని బిందె తీసుకుని పంపు దగ్గరికి పోయింది.

గది అంతా గోనె పీచు వాసన. ఒక పక్క చిరిగిన సంచులు, ఒక పక్క కుట్టినవి, మధ్యలో మనిషి పట్టేంత చోటు. గోడకి మేకు. మేకుకి మా గుడ్డ సంచి. ఇచ్చిన రోజు ఎలా ముడి వేశానో ఆ ముడి అలాగే ఉంది.

"కూర్చోండి మేడం," అంది తల్లి, దబ్బనంలోకి పురికొస ఎక్కిస్తూ. ముప్పై ఏళ్ళుంటాయేమో. వేళ్ళ కొసలన్నీ కాయలు కాసి ఉన్నాయి. "పిల్ల బానే ఉంది. తింటుంది, పడుకుంటుంది. మాటలే తక్కువ."

"అమ్మా," అన్నాను. "మా దగ్గరికి ఇంకో పిల్ల వచ్చింది."

ఆమె కుడుతూనే ఉంది. రెండు కుట్లు వేసింది. మూడోదానికి దబ్బనం సంచిలోకి దించి, పైకి లాగలేదు.

"అరికాల్లో మచ్చ ఉందా?" అంది.

నేను కాలి మాట ఎత్తనేలేదు.

"ఉంది."

"ఎడమ కాలు?"

"ఎడమ కాలే."

ఆమె దబ్బనం వైపే చూస్తూ కూర్చుంది. బయట పంపు చప్పుడు వినపడుతోంది. బిందె నిండి పొర్లిపోతున్నా పిల్లి పంపు ఆపడం లేదు.

"నీకు తెలుసన్నమాట," అన్నాను.

"తొలిరోజే తెలుసు. కాళ్ళు కడిగాను కదా."

"మరి నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

ఆమె తలెత్తింది. "ఎప్పుడు చెప్పమంటారు? సందు నిండా జనాన్ని పోగేశారు. పిల్లని తెచ్చి నా గుమ్మంలో నిలబెట్టారు. పెన్ను నా చేతిలో పెట్టారు. నా పిల్ల కాదు తీసుకుపొమ్మంటే ఎక్కడికి తీసుకుపోయేవారు?"

"మా ఇంటికే."

"తాళం వేస్తారంట కదా. పిల్ల చెప్పింది." దబ్బనం లాగింది. "అది అమ్మా అంది. ఎక్కడో నా పిల్ల కూడా ఎవరి గుమ్మంలోనో నిలబడి ఉంటుంది కదా అనిపించింది. నేను పొమ్మంటే అక్కడ వాళ్ళూ పొమ్మంటారేమో అని భయమేసింది. నీళ్ళు తాగుతావా అన్నాను. అంతే. అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచించే టైమిచ్చారా మీరు?"

"మీ ఆయన గుర్తుపట్టలేదా?"

ఆమె నవ్వింది, నవ్వులా లేదు. "ఆయన లారీ మోత విని ఏ నట్టు వదులైందో చెబుతాడు. పిల్లల దగ్గర ఆ విద్య లేదు. దాన్ని ఆయన చూసిందెప్పుడు? నెలకోసారి, అదీ నిద్రలో." పురికొస తెంపి, "పిల్ల పోయాక మూడేళ్ళు నాతో మాట్లాడలేదు మేడం. సంచుల మీదున్న చూపు పిల్ల మీద లేదా అన్నాడు. అదే ఆఖరి మాట. వచ్చేవాడు, తినేవాడు, కంచం ఠపీమని పెట్టి పోయేవాడు. ఇది వచ్చాక మాట్లాడుతున్నాడు. పోయినసారి దానికి చెప్పులు తెచ్చాడు. సైజు చిన్నవి. అయినా ఇది వేసుకు తిరుగుతుంది, కాళ్ళు ఒరుసుకుపోయినా."

నేను మేకుకున్న సంచి ముడి వైపు చూశాను.

"ఇప్పుడు నన్నేం చెప్పమంటారు ఆయనకి? ఒకసారి పిల్లని పోగొట్టావన్నాడు. ఇప్పుడు పరాయి పిల్లని చూపించి మోసం చేశావంటాడు. ఈ ఇంట్లోంచి నేను ఎటు పోను? సందు చూశారుగా, అటు గోడే." గొంతు తగ్గించింది. "నా బిడ్డని తీసుకురమ్మని అననూలేను, తీసుకురావద్దని అననూలేను. మీరు చదువుకున్నవాళ్ళు. మీరే చెప్పండి."

పదకొండేళ్ళుగా అందరి ఇళ్ళూ కనిపెట్టిన దాన్ని, ఆ గది నుంచి బయటికి దారి కనిపెట్టలేక లేచాను.

పంపు దగ్గర పిల్లి నా కొంగు పట్టుకుంది.

"అది వచ్చిందా అక్కా?"

"వచ్చింది."

"దానికి నా మీద కోపమా?"

"నువ్విక్కడున్నావని దానికి తెలీదు."

"నేను ఎత్తుకుపోలేదక్కా దాని ఇల్లు." ఏడుపు లేదు, అప్పజెబుతున్నట్టు చెప్పింది. "ఆటలో నీళ్ళకి పోయేటప్పుడల్లా, నేనొచ్చేదాకా ఇల్లు చూసుకోవే అనేది. ఆ రోజు ట్యాంకరు దగ్గరికి పోతూ కూడా అట్లాగే అంది. చాలా రోజులు చూశా. రాలేదు. ఖాళీగా ఉంటుంది కదా అని..." కొంగు వదిలింది. "సంచి విప్పలేదు నేను. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడొచ్చేస్తా."

బస్సులో అయిదు గంటలూ నా మెడలోని తాళం చెవి రాతిబండలా వేలాడింది.

వచ్చి ఇంకో నాలుగు రోజులు నాన్చేదాన్నే. కానీ రెండో రోజు పొద్దున వసపిట్ట కటకటాల దగ్గర అడగలేదు. తలుపు వైపు చూడనైనా లేదు. "ఏమే, ఇవాళ దొరికిందా అనలేదేం?" అన్నాను.

"నువ్వు వెతకట్లేదు," అంది, ప్లేటు కడుగుతూ. "వెతికేవాళ్ళ మొహం అట్లా ఉండదు. పర్లేదులే అక్కా. పులి ముద్ర సంచుల లారీ కింద రోడ్డు మీంచే పోద్ది మంగళవారాలు. నేనే ఎక్కి పోతా."

ఆ రోజు సోమవారం.

వంటామె నా వంక చూసింది. ఒక బన్ను కాగితంలో చుట్టి వసపిట్ట చేతిలో పెట్టి, కొత్త గుడ్డ సంచి దించి, రెండు గౌన్లు అందులో వేసింది. ఆమె ఏమీ అనని రోజు ఆ ఒక్కటే.

దారంతా వసపిట్ట నోరు మూతపడలేదు. కండక్టరుకి తన ఇంటి సంగతి చెప్పింది, పక్క సీటు ముసలామెకి చెప్పింది, డ్రైవరుకి బ్రేకు ఎలా వెయ్యాలో చెప్పబోయింది. "మా అమ్మ నన్ను చూసి ముందు తిడుతుంది. తర్వాతే ఏడుస్తుంది. పందెం?" నేను ఊ కొట్టాను. ఆ ఇంట్లో పిల్లి ఉందన్న మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. మొదటి మజిలీలో చెబుదామనుకున్నాను, తర్వాత రెండో దాంట్లో అనుకున్నాను. బస్సు దిగేశాం. పిరికితనం అన్న మాటకి మా కాగితంలో గడి లేదు.

సందు మొదట్లో ఆగి, "నేను ముందు నడవాలి కదా? నువ్వు పది అడుగుల వెనక," అంది. మా కట్టుబాట్లు దానికి నాకన్నా బాగా తెలుసు.

నడిచింది. పంపుని చేత్తో తడిమింది. చెక్క మీద కావాలని రెండు కాళ్ళతో దూకింది, టక్కుమనిపించడానికి. మొదటి తలుపు. రెండో తలుపు. మూడో తలుపు బార్లా తీసి ఉంది. పది అడుగుల వెనక నుంచి నాకూ కనపడుతోంది. గడప లోపల తల్లి పీట మీద కూర్చుని ఉంది. ఆమె మోకాళ్ళ మధ్య పిల్లి, జుట్టు విరబోసుకుని, తల వంచుకుని. తల్లి దువ్వెనతో పేలు దువ్వుతోంది. గడప లోపలి పక్కన సైజు చిన్న చెప్పులు.

వసపిట్ట అడుగు ఒక్కటే ఒకటి తడబడింది. తల తిప్పకుండా, అదే నడకతో, తలుపు దాటి పోయింది.

నాలుగో తలుపు. అయిదోది. ఆ తర్వాత గోడౌను గోడ. గోడకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి నిలబడింది.

నేను వెళ్ళాను. పిల్ల వెనక్కి తిరగలేదు.

"ఇది కాదక్కా," అంది గోడతో. "తప్పు గీశాను. ఆగలేదు చూశావుగా. వెనక్కి తీసుకుపో."

"వసపిట్టా..."

"ఆగకపోతే మారు మాట్లాడకుండా తీసుకుపోవాలి. మీ రూలే." గుడ్డ సంచి రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. "అటు నుంచి తీసుకుపో."

"ఎటు నుంచే? ఇటు దారి లేదుగా."

నువ్వే గీశావు కదా అనలేకపోయాను. ఎర్ర గీతకి ముందు అది, దాని వెనక నేను. పోవాలంటే మళ్ళీ ఆ తలుపు ముందు నుంచే పోవాలి. గోడ మీద ఎవరో ఎప్పుడో అతికించిన కాగితం చింపులు లెక్కపెడుతున్నట్టు చూస్తోంది పిల్ల. దాని ఎడమ మడమ నేల మీద ఆనడం లేదు.

"బుడంకాయ్!"

కేక సందు మొత్తం వినపడింది. వసపిట్ట తల తిప్పింది. పచ్చ తలుపు దగ్గర పిల్లి కూడా తల తిప్పింది. అప్పటికే అది గడప దాటి బయటికి వచ్చి నిలబడి ఉంది. జుట్టు విరబోసే ఉంది. కాళ్ళకి చెప్పులు లేవు, చెప్పులు గడప పక్కనే వదిలేసింది. భుజాన మా గుడ్డ సంచి. ముడి విప్పని సంచి.

తల్లి వీధిలో, ఇద్దరి మధ్య నిలబడి ఉంది. చేతిలో దువ్వెన. గోడ వైపు ఓసారి చూసింది, తలుపు వైపు ఓసారి చూసింది. సందులో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. అవన్నీ ఆమెకి తెలుసు. నెలకోసారి వచ్చే మనిషి గురించీ తెలుసు. ఆమె మొహంలో అవన్నీ ఒకదాని మీద ఒకటి నడిచిపోవడం నేను చూశాను.

ముందు గోడ దగ్గరికి వచ్చింది.

"నాలుగేళ్ళు," అంది. "నాలుగేళ్ళు తిరిగి తిరిగి వచ్చి, ఇంటి ముందు నుంచి జమీందారులాగా నడిచిపోతావా? ఏముంది ఆ గోడలో? తెరుచుకుంటుందా? ఎవరే నీ జుట్టు ఇట్లా గొరిగింది? సంచుల్లో పడుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? చెప్పానా లేదా?"

వసపిట్ట నోరు తెరిచింది. మాట రాలేదు. దానికి మాట రాకపోవడం నేను అదే మొదటిసారి చూడటం. తల్లి దాని చెవి పట్టుకుంది, చెవి వదిలి మెడ పట్టుకుంది, మెడ పట్టుకుని పొట్టకి అదుముకుంది. అప్పుడు ఏడ్చింది. పందెం వసపిట్టే గెలిచింది.

చెక్క వైపు నుంచి చప్పుడు రాలేదు. కానీ పిల్లి నడిస్తే చప్పుడు కాదు కదా. తల్లి తల ఎత్తకుండానే అరిచింది: "అక్కడ ఆగు! కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా. ఆ సంచి ఎక్కడిది అక్కడ తగిలించు. సగం తల దువ్వించుకుని సగం తలతో ఊరేగుతావా? ఇంకా నిండా పేలే."

ఇద్దర్నీ లోపలికి తోసింది. నేను గడప ఇవతల నిలబడి, మా కాగితాలు తీసి, సంతకం కోసం పెన్ను మూత తీశాను. అలవాటు. ఆమె నా మణికట్టు పట్టుకుని లోపలికి లాగింది. తలుపు మూసి గడియ పెట్టింది.

"నువ్వెక్కడికి?" అంది. 'మీరు' అనే మాట ఎక్కడో గోడ దగ్గరే ఊడిపోయింది. "ఆయన ఇవాళ వస్తున్నాడు. లోడు ముందే దించేశాడంట. ఆయనకి చెప్పేది నేను కాదు. ఇంటికి పిల్లని తెచ్చింది నువ్వు, రాసింది నువ్వు, సంతకం పెట్టించింది నువ్వు. కూర్చో."

"నేను... కమిటీకి ముందు..."

"కూర్చో అంటే కూర్చో."

కుట్టిన సంచుల గుట్ట మీద కూర్చున్నాను. ఇంకెక్కడా చోటు లేదు. తలుపు మూస్తే గదిలో గాలి ఆడదు, గోనె పీచు గొంతుకి అడ్డం పడుతోంది. పదకొండేళ్ళుగా తాళం నా మెడలో వేసుకుని తిరిగాను గానీ, గడియకి లోపలి వైపు కూర్చోవడం ఎలా ఉంటుందో తెలియదు. పీట మీద తల్లి, ఆమె ముందు వసపిట్ట, వసపిట్ట ముందు పిల్లి. వరసగా ముగ్గురు, లారీలో సీట్లలాగా. చేతిలో ఉన్నది ఒకే దువ్వెన. తల్లి వసపిట్ట తల చూస్తుంటే, వసపిట్ట పిల్లి తలలో వేళ్ళు పెట్టి వెతుకుతోంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఇంకా పలకరించుకోలేదు.

"చూసుకోమన్నా గానీ, ఇంత బాగానా?" అని గొణిగింది వసపిట్ట చివరికి.

పిల్లి భుజాలు బిగుసుకున్నాయి. తర్వాత మెల్లిగా, "టైరుకి ఒక మేకు ఊడింది. నేనే కొట్టా," అంది.

"వంకరగా కొట్టావు. చూశా."

ఒడిలో కాగితం తెరిచి పెట్టుకున్నాను. "పిల్ల ఆగినదా?" గడి ఖాళీగా ఉంది. ఏం రాసినా అబద్ధమే. లారీ మనిషితో మొదలుపెట్టవలసిన మాట కోసం వెతుకుతున్నాను. అయ్యా అనాలా, బాబూ అనాలా? తప్పు నాదే, మీ ఆవిడది కాదు. అంతవరకూ వచ్చి ఆగిపోతున్నాను. ఆ తర్వాతి మాట గీసుకున్న బొమ్మ నా దగ్గర లేదు.

సందు మొదట్లో పెద్ద బండి వెనక్కి వస్తున్న మోత. గోడలు సన్నగా అదిరాయి. గాలి బ్రేకు బుస్సుమని ఆగింది. తల్లి చేతిలో దువ్వెన ఆగలేదు గానీ, దువ్వుతున్న చోటే దువ్వుతోంది.

"అమ్మా, నాన్నా?" అంది వసపిట్ట.

పిల్లి లేచి, గడప పక్క నుంచి చెప్పుల జత తీసుకొచ్చి, వసపిట్ట కాళ్ళ ముందు పెట్టింది. వసపిట్ట కాలు పెట్టి చూసింది. దానికీ చిన్నవే.

నేను లేచి నిలబడ్డాను. తల్లి నా వైపు చూసి, కూర్చోమని ఈసారి అనలేదు. తలుపు దగ్గరికి జరగమన్నట్టు తల ఊపింది.

బయట చెక్క టక్కుమంది.